చెయ్యిని మోసే మిషన్ మనకొద్దు

లఖ్వా పడిన చేతికి రోబోతో ఇలాజ్ అని పెద్ద పెద్ద బోర్డులు పెడుతున్నారు. ఫోటోలో పేషెంటు చెయ్యి మిషన్‌లో హాయిగా పడుకుని ఉంటుంది, మిషన్ దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటుంది. ఆ ఫోటో చూసి జేవర్ అమ్మడానికి తయారవుతున్న ఖాందాన్లకు నాది ఒకటే గుజారిష్: ముందు ఒక సవాల్ అడగండి. ఆ మిషన్ మీ మనిషితో పని చేయిస్తుందా, మీ మనిషి బదులు తానే చేసేస్తుందా?

ఈ ఫరక్ చిన్నది కాదు. లఖ్వాలో దెబ్బ తగిలేది చేతికి కాదు, దిమాగ్‌కి. అందులో కొంత భాగం పోతే, మిగిలిన భాగం ఆ పనిని మళ్లీ నేర్చుకోవాలి. సబఖ్ పిల్లవాడు తానే వందసార్లు చదివితే వస్తుంది. ఉస్తాద్ ఎన్నిసార్లు చదివినా పిల్లవాడికి రాదు.

రోబోకు ఖూబీ లేదని నేను అనను. అమెరికా, కెనడా థెరపీ సెంటర్లలో లెక్కపెట్టి 2009లో అచ్చు వేశారు: ఒక సెషన్‌లో పేషెంటు చెయ్యి చేసిన అసలైన పనులు సగటున 32 మాత్రమే. 2010లో అచ్చయిన అమెరికా ట్రయల్‌లో రోబో ఒక్కో సెషన్‌లో వెయ్యికి పైగా కదలికలు చేయించింది. అది అలసిపోదు, విసుక్కోదు.

కానీ నతీజా చూడండి. ఆ ట్రయల్‌లో 127 మంది. 12 వారాలకు రోబో గ్రూపు మామూలు ఇలాజ్‌ను గట్టిగా దాటలేదు. 36 వారాలకు దాటింది, కానీ అంతే మెహనత్‌ను థెరపిస్టు దగ్గరుండి చేయించినవాళ్లను మాత్రం దాటలేదు. అంటే ఫాయిదా మెహనత్‌ది, మోటారుది కాదు. 2019లో బ్రిటన్‌లో 770 మంది ట్రయల్ వచ్చింది. రోబోతో చెయ్యి కదలిక కొంత మెరుగైంది, ఆ చేత్తో చేసుకునే పని మాత్రం మెరుగుపడలేదు.

ఎందుకని? నా మాట ఇది: తెర మీద చుక్కను తాకడం వేరు, నివాలా కలిపి నోట్లో పెట్టుకోవడం వేరు. మన ఇంట్లో కుడిచెయ్యి పని అంటే దస్తర్‌ఖాన్ ముందు అన్నం కలపడం, లోటా ఎత్తి వుజూ చేసుకోవడం, షల్వార్ నాడా ముడేసుకోవడం, తక్బీర్‌కి చెవుల దాకా చేతులెత్తడం. కుర్చీ, టేబుల్ కొలతలకు తయారైన మిషన్‌కు ఇవేవీ తెలియవు. డిజైన్ చేసే ఇంజనీర్ సాబులు ముందు మన చాప మీద కూర్చుని చూడాలి.

ఇది కానిపని కాదు. ఎం.ఐ.టి.లో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ చేసిన మానస్ రోబో ఉసూలే అది: పేషెంటు తోస్తే మిషన్ మెత్తగా దారివ్వాలి, ఆగిపోతే అప్పుడే ఊతమివ్వాలి. మొత్తం తానే మోస్తే మనిషి తెలియకుండానే కష్టం తగ్గించేస్తాడు. మన దగ్గర వెల్లూరు సి.ఎం.సి., ఐ.ఐ.టి. మద్రాస్ కలిసి ప్లూటో అనే చిన్న మిషన్ చేశాయి. మోటారు ఒక్కటే, పిడులు మార్చుకుంటే మణికట్టుకూ వేళ్లకూ పనికొస్తుంది. నాకు కావలసింది ఈ దారి: ఇంట్లో పట్టేది, మధ్యతరగతికి అందేది.

ఇప్పుడు మనల్ని మనం కూడా అడుగుదాం. మా ఖాలాకు ఆరు నెలలు కోడళ్లు చెంచాతో తినిపించారు. ఆ ఖిద్మత్‌కు ఎవరూ వంక పెట్టలేరు. కానీ ఆమె కుడిచెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. వాడని చేతిని దిమాగ్ మరిచిపోతుందని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. "పాపం, మీరు కదలకండి" అనే మన మొహబ్బత్, చెయ్యిని మోసే మిషన్, రెండూ చేసే నుక్సాన్ ఒకటే.

అందుకే రోబో సెంటర్‌కి వెళితే అడగండి: ఇది ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది? ఇవాళ మా మనిషి సొంతంగా ఎన్నిసార్లు కదిపారు? ఇక్కడ నేర్చిన కదలికతో ఇంట్లో ఏ పని చేయించాలి? జవాబు లేకపోతే ఆ పైసలు దగ్గరుండి చేయించే మంచి థెరపిస్టుకు ఇవ్వండి. ఆయన సలహాతో, నీళ్ల గ్లాసు అమ్మీ చేతికే ఇవ్వండి. ఒలికితే ఒలకనివ్వండి. తుడుచుకోవడానికి మనం ఉన్నాం కదా.