మిగిలిన కాలానికి

మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధి మలుపు తిరిగి, చెవులు చిల్లులు పడే పాట కాసేపు ఆపి, మన వార్డుకు ఉప ఎన్నిక వచ్చిందహో అని చాటుకుంటూ వెళ్లిపోయింది. పక్కింటి మామ్మగారు గేటు దాకా వచ్చి, కళ్లజోడు సర్దుకుని, "ఎవరు పోయార్రా?" అని అడిగారు.

కొన్నేళ్ల కిందటి మాట. మామ్మగారికి తెలియక కాదు. పోయినాయన్ని కడసారి చూడ్డానికి అందరికంటే ముందు వెళ్లింది ఆవిడే. పెద్దతనం, కాస్త మరుపు, అంతే. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. మామూలు ఎన్నికలప్పుడు ఎవరు గెలుస్తారని అడుగుతాం. ఉప ఎన్నిక అనగానే ముందు ఎవరు పోయారని అడుగుతాం. రాజీనామాలూ అనర్హతలూ కూడా ఉంటాయనుకోండి. మావంటి చిన్న ఊళ్లలో వార్డు ఖాళీ అయిందంటే చాలావరకు ఏదో ఒక ఇంట్లో ఫొటోకి దండ పడ్డట్టే.

మా కౌన్సిలర్ గొప్ప నాయకుడేమీ కాదు. వీధి దీపం వెలగడం లేదని చెబితే, రాత్రి భోజనం కానిచ్చి లుంగీతోనే వచ్చి, స్తంభం కింద నిలబడి పైకి చూసేవాడు. చూసినంత మాత్రాన దీపం వెలుగుతుందా? అయినా ఆయన అలా చూసి వెళ్లాక మాకు కాస్త ధీమాగా ఉండేది. కుళాయి రాని పొద్దున బిందెలన్నీ ఆయన గుమ్మం ముందే వరస కట్టేవి. లోపల్నుంచి వాళ్లావిడ, "ఆయన స్నానం చేస్తున్నారు, నీళ్లు మాకూ రాలేదు" అని నవ్వుతూ చెప్పేది.

సగంలో ఆగిన పనులూ ఉన్నాయి. మా సందులో మురుగు కాలువ ఒక పక్కంతా కట్టించాడు. రెండో పక్క తవ్వకం అయింది, కట్టుబడి మొదలయ్యేలోపు ఆయనే పోయాడు. ఆ గుంత మీద ఎవరో పాత తలుపు చెక్క ఒకటి వేశారు. మామ్మగారు గుడికెళ్లాలన్నా, పింఛనుకెళ్లాలన్నా ఆ చెక్క దాటాల్సిందే. కాలు పెట్టగానే అది కిర్రుమంటుంది. ఆవిడ ఓ క్షణం ఆగి, రాముడా అనుకుని, రెండో కాలు వేస్తారు.

మున్సిపాలిటీ సభ్యుల పదవీకాలం ఐదేళ్లు. మధ్యలో ఖాళీ పడి ఉప ఎన్నిక జరిగితే, గెలిచినవాళ్లకు మళ్లీ కొత్తగా ఐదేళ్లు రావు. పాతవారికి మిగిలిన కాలమే వీరిదీ. ఈ నియమం నాకెందుకో ఇష్టం. పెద్దకొడుకు సాలు మధ్యలో వదిలిన నాగలిని తమ్ముడు వచ్చి అందుకున్నట్టుంటుంది.

ఒక్కోసారి మిగిలిన కాలమంటే దాదాపు మొత్తం కాలమే. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి గదా. లింగోజిగూడ డివిజన్‌లో గెలిచినాయన ప్రమాణ స్వీకారం చేయకుండానే కన్నుమూశారు. కుర్చీలో కూర్చోకముందే ఖాళీ! 2021 ఏప్రిల్ 30న అక్కడ ఉప ఎన్నిక పెట్టారు. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులవి. మాస్కులు కట్టుకుని, ఎడంగా నిలబడి, వచ్చిన కొద్దిమందీ ఓటేసి వెళ్లారు. ఐదు నెలల్లో అదే డివిజన్‌కు రెండో ఓటు. ఇంట్లోవాళ్లు వద్దంటున్నా బయల్దేరి వెళ్లినవాళ్లు ఏమనుకుని వెళ్లుంటారా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మా ఉప ఎన్నికలో అసలు చిక్కు వేరే. నిలబడ్డ ఇద్దరు ముఖ్యులూ మాకు కావలసినవాళ్లే. ఒకరు నాకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పిన మాస్టారు. రెండోవాడు కిరాణా కొట్టు కుర్రాడు. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు అర్ధరాత్రి ఆటో పిలుచుకొచ్చింది వాడే. పోయినాయన భార్యను నిలబడమని పెద్దవాళ్లు వచ్చి అడిగారు. ఆవిడ దణ్ణం పెట్టి వద్దన్నారు.

పొద్దున మాస్టారు వచ్చారు. కాఫీ ఇచ్చాం. "మీకు చెప్పాలా మాస్టారూ" అన్నాను. సాయంత్రం కొట్టబ్బాయి వచ్చాడు. కాఫీ ఇచ్చాం. "నీకు చెప్పాలట్రా" అన్నాను. రెండు మాటలకూ అర్థం ఏమిటో నాకే తెలియదు. పెద్ద ఎన్నికల్లో ఈ బాధ ఉండదు. అక్కడ అభ్యర్థి గోడ మీద బొమ్మ. వార్డు ఎన్నికలో అభ్యర్థి మన గేటు తీసుకుని లోపలికొచ్చి, "చెట్టు కాసిందే ఈసారి" అంటూ మామిడికాయను నిమురుతాడు. అటువంటివాడి మొహం మీద కాదనడం మన ఇంటా వంటా లేదు. ఇలాంటి మొహమాటస్థుల కోసమే ఓటేసే చోట ఆ అట్ట చాటు కనిపెట్టారేమో!

పోలింగు నాడు మామ్మగారిని నేనే తీసుకెళ్లాను. ఆవిడకు చూపు సరిగా ఆనదు. కళ్లు కనిపించనివారికీ, సొంతంగా ముద్ర వేయలేనివారికీ తోడుగా ఒకరిని రానిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, అదే రోజు ఇంకొకరికి తోడు వెళ్లకూడదు, లోపల చూసింది బయట చెప్పనని రాసివ్వాలి. రాసిచ్చాను కాబట్టి ఆవిడ ఎవరికేశారో ఇక్కడా చెప్పను.

ముందురోజు రాత్రే చీటీలు వెతికి పెట్టుకున్నాం. మామ్మగారి పేరు ఉంది. ఎదురింట్లో అద్దెకున్నవాళ్ల పేరు లేదు. వార్డుల జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితా లోంచే వస్తుంది. ఇల్లు మారినప్పుడు పేరు మార్పించుకోకపోతే అది పాత వీధిలోనే ఉండిపోతుంది. పాపం, వాళ్లబ్బాయి మూడు బూత్‌లు తిరిగి వచ్చాడు. "మనం వచ్చేశాం గానీ మన పేరు ఇంకా అక్కడే కాపురం ఉంది" అని మామ్మగారు ఓదార్చారు.

బూత్ పెట్టింది నేను చదివిన ఎలిమెంటరీ స్కూల్లోనే. ఎర్ర రంగు వేసిన అవే కిటికీ చువ్వలు. బోర్డు మీద ముందురోజు లెక్క సగం చెరిపి ఉంది. అధికారి నా పేరూ, ఇంటిపేరూ, నాన్న పేరూ పైకి చదివాడు. ఏజెంట్లు తలొంచుకుని తమ కాగితాల మీద టిక్కు పెట్టుకున్నారు. నాన్న పేరు అంత గట్టిగా ఎవరైనా చదవగా విని ఎన్నేళ్లయిందో. అదే గదిలో హాజరు పిలిచిన రోజులు గుర్తొచ్చి, "ప్రెజెంట్ సార్" అనబోయి ఆగిపోయాను.

తర్వాత వేలికి సిరా. ఈ సిరాకు పెద్ద పేరు తెచ్చింది మైసూరులోని ఒక కర్మాగారం. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ 1937లో పెట్టించిన లక్క, రంగుల కర్మాగారం అది. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచీ దేశం వేళ్ల మీద ఆ సిరాయే. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. చర్మానికి పట్టాక ఎంత తోమినా పోదు, గోరు పెరిగి పెరిగి పోవాల్సిందే. మామ్మగారు వేలు చాపి, "గోరింటాకైతే ఇంకాస్త ఎర్రగా పండేది" అన్నారు. సిరా వేస్తున్న అమ్మాయి ఫక్కున నవ్వింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ 2020, 2021 మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ కాగితంతోనే జరిగాయి. అసెంబ్లీకీ పార్లమెంటుకీ మిషన్ మీట నొక్కడం అలవాటైన చేతికి ఈ కాగితం కాస్త తడబాటు. రబ్బరు ముద్ర ఉంటుంది, బాణాలు తిరిగినట్టుండే స్వస్తిక్ గుర్తు. మనకు కావలసిన అభ్యర్థి గడిలో ఒక్కసారి వేయాలి. గీత మీద పడకూడదు. వేలిముద్ర వేసినా, పేరు రాసినా, రెండు గడుల్లో వేసినా ఆ ఓటు చెల్లకుండా పోవచ్చు. ఎవరూ నచ్చకపోతే నోటా ఉండనే ఉంది.

మడతలో ఓ కిటుకుంది. ఎన్నికల డ్యూటీలు చేసి చేసి రిటైరైన మా బాబాయి చెప్పాడు. కాగితాన్ని ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాతే అడ్డంగా. ముందే అడ్డంగా మడిచేస్తే తడి సిరా కిందనో పైనో ఉన్న ఇంకొకరి గడికి అంటుకుంటుంది. నిలువుగా మడిస్తే అంటినా అదే అభ్యర్థి పేరుకే అంటుతుంది. చీర మడత పెట్టినంత ఓపిగ్గా మడిచారు మామ్మగారు. పెట్టె సందులో వేసి, పైన అరచేత్తో ఓసారి తట్టారు, పడుకున్న పసిపిల్లను తట్టినట్టు.

బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆవిడ తన మొదటి ఓటు సంగతి చెప్పుకొచ్చారు. 1957లో అట. అప్పుడు ఓటు వయసు ఇరవై ఒకటి. ముద్రలూ మడతలూ లేవు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, మీద గుర్తు అంటించి ఉండేది. తెర చాటుకు వెళ్లి, మనకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. "మా అత్తగారు పెట్టెకు దణ్ణం పెట్టి, చిల్లర కూడా వెయ్యబోయింది" అన్నారు. నిజమో, నన్ను నవ్వించడానికో తెలియదు.

మన పురపాలనైతే మామ్మగారి మొదటి ఓటు కంటే ఎంతో పాతది. భీమునిపట్నం మున్సిపాలిటీ 1861 నాటిది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు, అంతకు ఎన్నో ఏళ్ల ముందే రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా చేశారు. కాలువలూ దీపాలూ ఆయనకూ తప్పలేదన్నమాట.

మేం చెట్టు కింద ఉండగానే పోయినాయన భార్య వచ్చి లైన్లో నిలబడింది. ముందుకెళ్లమని నలుగురూ జరిగి చోటిచ్చారు. ఆవిడ వద్దని తలూపి చివరనే ఉండిపోయింది. పోలింగు ముగిసే సమయానికి గేటు లోపల లైన్లో ఉన్నవాళ్లందరికీ చీటీలిస్తారు, ఎంత పొద్దుపోయినా ఓటు వేయనిస్తారు. ఆ చీటీలు పంచడం లైను చివరి మనిషి నుంచి మొదలుపెడతారని మీకు తెలుసా? ఆ తర్వాత ఎవరూ వెనక వచ్చి చేరకుండా. మా బాబాయి చెప్పిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. చివర నిలబడ్డవాళ్ల దగ్గరికి ముందు రావడమనేది ఇంకెక్కడా చూడలేదు.

రెండురోజులకు లెక్కింపు. తేడా రెండంకెలు దాటలేదు. వార్డు ఓట్లంటే అంతే మరి. సరిసమానంగా వస్తే చీటీ తీసి తేల్చేస్తారు కూడా. గెలిచినాయన దండలతోనే మా సందులోకి వచ్చాడు. ఎవరన్నది ఇప్పుడెందుకు లెండి, ఓడినాయనా ఆ సాయంత్రమే మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లాడు. మామ్మగారు గెలిచినాయన చెయ్యి పట్టుకుని గుంత దగ్గరికి నడిపించుకెళ్లి, చెక్క మీద కాలు పెట్టమన్నారు. కిర్రుమంది. "ఆయన ఆ పక్క కట్టాడు. ఈ పక్క నువ్వు కట్టు" అన్నారు.

నెల తిరక్కుండా రెండు ట్రాక్టర్ల కంకర దిగింది. ఆ చెక్క ఇప్పుడు మామ్మగారి పెరట్లో ఉంది. దాని మీద ఆవిడ కరివేపాకు కుండీలు పెట్టుకున్నారు.