బొమ్మకూ పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి

ప్రవాసంలోని తెలుగు వైద్యులకు బాగా పరిచయమైన సన్నివేశం ఒకటుంది. స్వదేశంలోని బంధువులు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఛాతీ స్పష్టంగానే కనిపిస్తుంది. రోగి పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు ఉండే అంచు మాత్రం ఫొటోలోకి రాదు. అది ఎవరి ఛాతీయో, ఏనాటిదో తేలనిదే అందులోని మచ్చ గురించి ఎంత చర్చించినా ఫలితం లేదు. చిత్రం స్పష్టంగా ఉండటం వేరు, దాని మూలం తెలిసి ఉండటం వేరు.

ఛార్లెస్ పిల్లర్ 2025లో ప్రచురించిన ‘డాక్టర్డ్’ అనే ఆంగ్ల గ్రంథాన్ని ఈ భేదం దృష్టిలో ఉంచుకుని చదవాలి. ‘డాక్టర్’ అనే మాటకు ఆంగ్లంలో క్రియారూపంలో ‘దొంగచాటుగా మార్చు’ అనే అర్థం ఉంది. వైద్యులకు ఆ శీర్షికే కాస్త గుచ్చుకుంటుంది. ‘సైన్స్’ పత్రిక పరిశోధనాత్మక విలేఖరి అయిన పిల్లర్ అల్జీమర్స్ పరిశోధనలో వెలుగుచూసిన అనుమానాస్పద చిత్రాల చరిత్రను ఇందులో వివరించాడు.

ఆ చరిత్రలో ప్రధానమైనది 2006లో ‘నేచర్’ ప్రచురించిన ఒక వ్యాసం. ఒక ప్రత్యేకమైన అమిలాయిడ్ ప్రోటీను సముదాయం జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని అది ప్రతిపాదించింది. తర్వాతి పరిశోధకులు దానిని రెండువేలకు పైగా సార్లు ఉదహరించారు. దాని సాక్ష్యంలో ముఖ్యభాగం వెస్టర్న్ బ్లాట్ చిత్రాలు. ఈ పరీక్షలో ప్రోటీన్లు పరిమాణాన్ని బట్టి విడిపోయి నల్లని పట్టీలుగా కనిపిస్తాయి. ఒక పట్టీని కత్తిరించి మరోచోట అతికిస్తే లేని ప్రోటీను ఉన్నట్టే కనిపిస్తుంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ నాడీవైద్యుడు మాథ్యూ ష్రాగ్ ఆ చిత్రాలలో అతుకుల జాడలను గుర్తించగా, పిల్లర్ 2022లో ఆ సంగతిని లోకానికి తెలిపాడు. వ్యాసం 2024లో ఉపసంహరణకు గురైంది. అప్పటికి పద్ధెనిమిదేళ్లు గడిచాయి. అమిలాయిడ్ సిద్ధాంతమంతా ఆ ఒక్క వ్యాసం మీదే నిలబడలేదన్నది నిజమే. కాని ఆ ప్రోటీను కోసం వెదికి విఫలమైన ప్రయోగశాలల కాలాన్ని, ధనాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మందు కోసం ఎదురుచూసే కుటుంబాలకు పోయిన కాలం ఇంకా విలువైనది.

ఈ ఉదంతంలో అందరికంటే గౌరవించదగినది ష్రాగ్ పాటించిన సంయమనం. చిత్రాలు అనుమానాస్పదంగా ఉన్నాయని చెప్పాడే గాని, మోసం రుజువైందని అనలేదు. ఆ మాట అనాలంటే ప్రచురణకు ముందున్న మూలచిత్రాలను చూడాలన్నాడు. అసలు సమస్య అక్కడే ఉంది. అచ్చయిన బొమ్మను ఎంత తీక్షణంగా పరిశీలించినా అనుమానమే మిగులుతుంది. నిజం తేల్చేది మూలప్రతి ఒక్కటే.

ఈ విషయంలో హెచ్చరికలు కొత్తవి కావు. ‘జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ’ 2002లోనే ప్రచురణకు ముందు చిత్రాలను పరీక్షించడం మొదలుపెట్టింది. ఎలిజబెత్ బిక్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు 40 పత్రికలలోని 20,621 వ్యాసాలను పరిశీలించి, 3.8 శాతం వ్యాసాలలో ఒకే చిత్రం అనుచితంగా పునరావృతమైందని 2016లో ప్రకటించారు. బిక్ ప్రధానంగా తన కంటినే నమ్ముకుంది. అయితే పునరావృతమైన బొమ్మను కన్ను పట్టుకోగలదు గాని, కృత్రిమ మేధ సరికొత్తగా సృష్టించిన బొమ్మకు పోల్చిచూసే జత ఉండదు. సీటీ స్కాన్‌లో లేని కణితిని చేర్చి, ఉన్నదానిని చెరిపి, అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులను సైతం ఏమార్చవచ్చని ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లోనే నిరూపించారు.

కాబట్టి దొంగను పట్టే నేర్పు ఒక్కటే చాలదు. వ్యాసంతో పాటు యంత్రం నుండి వచ్చిన, కత్తిరించని మూలచిత్రాలను సమర్పించడం ప్రతి వైద్యపత్రికా తప్పనిసరి చేయాలి. కొన్ని పత్రికలు ఇప్పటికే ఈ నియమం పెట్టాయి. మిగిలినవి వెనుకాడటానికి కారణం కనిపించదు. మూలచిత్రాలను కూడా కల్పించవచ్చు కదా అనే ఆక్షేపణ ఉంది. కల్పించవచ్చు. కాని తేదీ, యంత్రం, ప్రయోగపుస్తకంలోని నమోదు అన్నీ పొసిగేలా కల్పించడం ఒక పట్టీని అతికించినంత సులభం కాదు. పైగా దాని కింద బాధ్యుని పేరు ఉంటుంది. రోగుల గోప్యత మరొక ఆక్షేపణ. పేర్లు తొలగించి చిత్రాలను భద్రపరిచే పద్ధతి ఆసుపత్రులకు కొత్త కాదు. రోగి వివరాలు, తేదీ, యంత్రం పేరు స్కాన్‌తో పాటే ప్రయాణించే డైకామ్ పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఒక రోగి స్కాన్‌కు అవసరమైన జాగ్రత్త, లక్షలాది రోగుల చికిత్సను నిర్ణయించే చిత్రానికి అక్కరలేదనడం వింత.

పిల్లర్ గ్రంథానికి ఉపశీర్షికలో ఉన్న మాటలు మోసం, అహంకారం, విషాదం. యువవైద్యులు ఈ పుస్తకాన్ని తప్పక చదవాలి. చదివి ముగించాక ఆ మూడింటికి మరొకటి చేర్చుకోవాలి: అడగకపోవడం. ఆ వ్యాసాన్ని సమీక్షించినవారు, ప్రచురించినవారు, ఉదహరించినవారు మూలచిత్రం ఏదని మొదటే అడిగి ఉంటే పద్ధెనిమిదేళ్లు పట్టేది కాదు.