నీటికి భాష లేదట!

"నీటికి భాషేమిటండీ?" అన్నది, తాగునీటి హెచ్చరికలు తెలుగులో కూడా వేయించండని అడిగిన ప్రతిసారీ నాకు ఎదురైన ప్రశ్న. రోగానికి కులం లేదు, మతం లేదు, భాష అసలే లేదు. వైద్యం శాస్త్రానికి సంబంధించినది, భాష ఆవేశానికి సంబంధించినది. రెంటినీ ముడిపెట్టవద్దని ఆపైన హితబోధ. అడిగినవాడి నోరు మూయించడానికి ఇంతకంటె అందమైన మాట దొరకదు. ఈ మాట తప్పని రుజువు చేయడానికి భాషాభిమానం అక్కరలేదు. నీటి ద్వారా పేగులకు పట్టే పరాన్నజీవుల సంగతి కాస్త తెలిస్తే చాలు.

కలరా విషయంలో ఈ వాదనకు కొంత బలం ఉంది. ట్యాంకులో సరిపడా బ్లీచింగు పౌడరు కలిపితే కలరా సూక్ష్మజీవి చస్తుంది. కలిపినవాడు కన్నడిగుడా, తాగేవాడు తెలుగువాడా అన్నది క్లోరినుకు పట్టదు. కాని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తీరు వేరు. మిల్లీమీటరులో ఇంచుమించు రెండువందల వంతు ఉండే ఈ జీవి, గట్టి పెంకులో దాగి, మనుషుల మలంతోను లేగదూడల పేడతోను నీటిలోకి చేరుతుంది. కుళాయి నీటికి వాడే మోతాదు క్లోరిను దానినేమీ చేయలేదు. ఈతకొలనుల్లో ఉంచేంత క్లోరినులోనైనా వారం దాటి బతుకుతుంది. జియార్డియా, అమీబా అంత మొండివి కాకపోయినా బాక్టీరియా లొంగినంత తేలికగా లొంగవు. మన ఊళ్ళలో వాటర్‌మన్ కుళాయి నీటిలో మందు చుక్కలు వేసి, పసుపు రంగు తిరిగితే 'బాగుంది' అని పుస్తకంలో రాసుకొని వెళ్తాడు. ఆ పసుపు రంగు నీటిలో క్లోరిను ఉన్నదని మాత్రమే చెబుతుంది. క్రిప్టోస్పోరిడియం ఉందో లేదో దానికి తెలియదు.

మరి దీనిని చంపేది ఏది? నీరు బుడగలెత్తి ఒక నిమిషం పాటు తెర్లితే ఈ జీవులన్నీ చస్తాయి. అందువల్ల శుద్ధికేంద్రం విఫలమైన రోజున ఇంటికీ రోగానికీ మధ్య మిగిలే అడ్డు ఒక్క వాక్యం: నీళ్ళు మరగబెట్టి తాగండి. వాక్యమే మందు అయినచోట భాష లేదనడం ఎంతవరకు శాస్త్రం?

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జరిగినది చూడండి. మిషిగన్ సరస్సు నీటిని శుద్ధిచేసే రెండు కేంద్రాలలో దక్షిణాన ఉన్నదానిలో మార్చి చివర వడపోత సరిగా సాగక నీటిలో మసక పెరిగింది. కోలిఫాం పరీక్షలు మాత్రం నీరు శుభ్రమనే చెప్పాయి. పనులకు రానివారి సంఖ్య పెరిగి, మందుల దుకాణాలలో విరేచనాల మందులు నిండుకున్న తరువాతగాని ఆరోగ్యశాఖకు అనుమానం కలగలేదు. ఏప్రిల్ 7న మలపరీక్షలలో క్రిప్టోస్పోరిడియం బయటపడింది. ఆ సాయంత్రమే మేయరు నీరు మరగబెట్టుకొమ్మని ప్రకటించాడు. రెండు రోజులకు ఆ కేంద్రాన్ని మూసివేశారు. తరువాతి సర్వే అంచనా ప్రకారం జబ్బుపడినవారు 4,03,000 మంది. యాభైమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఎయిడ్స్ వల్ల రోగనిరోధకశక్తి కోల్పోయినవారు. అంత సంపన్న దేశంలో, అన్ని యంత్రాలుండి, ఆ రాత్రి ఆ నగరం చేతిలో ఉన్న ఆయుధం ఆ వాక్యమే.

"మీవాళ్ళకు కన్నడం రాదా, తమిళం రాదా?" అని రెండో ప్రశ్న వేస్తారు. వచ్చు. నాకూ వచ్చు. బజారులో, బస్సులో, కచేరీలో ఇక్కడి భాషలతోనే మేము బతుకుతున్నాం. వాటిమీద మాకు ద్వేషం లేదు. అయితే ఇంట్లో నీళ్ళు పట్టేది, పొయ్యి మీద పెట్టేది ఎవరు? మదనపల్లె నుంచి, కుప్పం నుంచి, హిందూపురం నుంచి కోలారు, చింతామణి, హోసూరు పల్లెలకు కాపురానికి వచ్చిన కోడళ్ళు. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి, బోధన్ నుంచి ధర్మాబాదుకు మెట్టినవారు. 1936లో, 1953లో, 1956లో రాష్ట్రాల గీతలు గీశారు. పెళ్ళిసంబంధాలు ఆ గీతలను ఏనాడూ లెక్కచేయలేదు. తెలుగు బడిలో చదువుకొని వచ్చిన ఆ అమ్మాయికి ఇక్కడి లిపి ఎవరు నేర్పారు? పంచాయతీ గోడమీది నోటీసును బడినుంచి వచ్చిన పిల్లవాడు చదివి చెప్పేదాకా ఆ బిందెలోని నీళ్ళు ఆగుతాయా?

మాటల్లోనూ చిక్కుంది. స్నానానికి పెట్టినా మనం 'నీళ్ళు కాచడం' అనే అంటాం; వేడెక్కితే 'కాగాయి' అని దించేస్తాం. కన్నడ 'కాయిసు', తమిళ 'కాయ్చు' మన 'కాచు'కు చుట్టాలే. చెవికి తెలిసిన మాటలాగే ఉంటాయి కనుక అర్థమైందనుకొని గోరువెచ్చని నీళ్ళు బిడ్డకు పట్టే ప్రమాదం ఉంది. 'తెర్లేదాకా, తెర్లిన తరువాత ఇంకొక నిమిషం' అని ఇంటి తెలుగులో చెప్పినప్పుడే అది వైద్యం అవుతుంది.

ఒక్క వాక్యంతో తీరని పని కూడా ఉంది. మన గుమ్మంలోనే, వేలూరులో, క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు పేదవాడలలోని పిల్లలను పుట్టుక నుంచి గమనించారు. మూడేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ క్రిప్టోస్పోరిడియం సోకినట్టు తేలింది. సీసా నీళ్ళు తాగిన పిల్లలకూ కుళాయి నీళ్ళు తాగిన పిల్లలకూ ఈ విషయంలో తేడా కనిపించలేదని 2013లో వారే ప్రకటించారు. అంటే నీటితోపాటు బిడ్డ మలం ఎత్తిన చెయ్యి, ఆ చేత్తో కడిగిన గిన్నె, వాకిట్లోని దూడ కూడా దారులే. అదే ఏడాది వెలువడిన మరొక పెద్ద అధ్యయనంలో, కలకత్తాతో సహా ఏడు చోట్ల, ఏడాదిలోపు శిశువుల తీవ్ర విరేచనాలకు రోటావైరస్ తరువాతి స్థానం దీనిదేనని తేలింది. రోటాకు 2016 నుంచి మన దేశంలో ప్రభుత్వం టీకా వేయిస్తోంది. దీనికి టీకా లేదు. ఉన్నదల్లా తల్లితో కూర్చొని మాట్లాడటమే: ఎన్నిసార్లు అయింది, చెయ్యి దేనితో కడిగావు, బిందెలో గ్లాసు ముంచుతున్నావా? ఈ ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబు చెప్పేది అమ్మనుడిలోనే.

కోలారు సంగతి వేరే చెప్పాలి. బెంగుళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధిచేసి 2018 నుంచి ఆ జిల్లా చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్లు పథకం లక్ష్యం. భూగర్భజలం పెంచడానికేగాని తాగడానికి కాదని ప్రభుత్వమే చెబుతోంది. దానివల్ల రోగం ప్రబలిందని నేననడం లేదు. రెండో దశ శుద్ధి ఈ పరాన్నజీవులను పూర్తిగా తొలగించదు కనుక, చెరువుకింద బావి నీళ్ళు తోడుకునే తెలుగు ఇంటికి 'ఇది నేరుగా తాగే నీరు కాదు' అని తెలుగులో చెప్పే బాధ్యత ఎవరిదని అడుగుతున్నాను.

ఇది కొత్త కోరికా? జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో 15-20 శాతం మాట్లాడే అల్పసంఖ్యాక భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వేయడం మంచిదని కేంద్ర ప్రభుత్వ జ్ఞాపిక 1956లోనే చెప్పింది. బిడ్డ ప్రాణానికి సంబంధించిన ప్రకటన కంటె ముఖ్యమైనది ఏదో పెద్దలు సెలవివ్వాలి. యానాంలో 1965 నాటి అధికార భాషా చట్టం తెలుగుకు చోటిచ్చింది. దానివల్ల పుదుచ్చేరి ముక్కలు కాలేదు! ఇదే న్యాయం మడకశిరలోని కన్నడిగులకు, నగరిలోని తమిళులకు, ఇచ్ఛాపురంలోని ఒడియావారికి ఆంధ్రప్రదేశ్ కూడా చేయాలి. తాను చేయనిది పొరుగువారిని అడిగే నైతికహక్కు దానికి ఉండదు.

మన సంఘాలనూ ఒక మాట అనక తప్పదు. ఉగాదికి శాలువలు కప్పడానికి చందాలు దొరుకుతాయి. నీటిరోగాలపై నాలుగు పంక్తుల కరపత్రం అచ్చువేయడానికి దొరకవు. బడి, బోర్డు, పాఠ్యపుస్తకం కోసం చేసే పోరాటం న్యాయమైనదే. ఆ బడికి వెళ్ళేలోగా బిడ్డ బతికి ఉండాలి కదా!

వానలు పడకముందే, జూన్‌లోగా, ప్రతి తాలూకా సంఘం పురపాలక కార్యాలయానికి, జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టాలి. నీటి బిల్లు వెనుక, ట్యాంకు గోడమీద, అంగన్‌వాడీ తలుపుమీద హెచ్చరిక తెలుగులో కూడా ఉండాలని, నీటిలో మసక పెరిగిన రోజున ఆటోలో మైకు కట్టి చెప్పించే ప్రకటన తెలుగులో కూడా వినిపించాలని, తెలుగు వాడలకు తెలుగు తెలిసిన ఆరోగ్య కార్యకర్తను పంపాలని అడగండి. అర్జీని తెలుగులోనే రాయండి; కేంద్రంలోగాని ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. తెలుగు అర్జీ తీసుకోమంటే ఆ అధికరణం నకలు ముందుంచండి. అందినట్టు రసీదు తీసుకొని, దాని ప్రతిని మన పత్రికకు పంపండి.