పీట వేసిన సేవ



సేవ యను మాట మన నోట తఱచుగా వచ్చుచుండును. కాని చేయువారు పైమెట్టుననే నిలిచి, చేయించుకొనువారిని క్రిందిమెట్టుననే నిలిపినచో నది సేవ యగునా, గర్వమగునా?

యేసు తన కడపటి రాత్రి భోజనవేళ లేచి, నడుమునకు తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెనని యోహాను సువార్త చెప్పుచున్నది. అది దాసులు చేయు పని. పేతురు వలదని వారించెను. సేవ చేయుటకే కాదు, చేయించుకొనుటకును వినయము కావలెను గదా! బమ్మెర పోతనగారి భాగవతమున శ్రీకృష్ణుఁడు కుచేలుని పాదములు కడిగిన ఘట్టము చదివిన మన యోరుగంటి స్త్రీలకు ఈ కథ పరాయిది కాదు.

దీనికి దృష్టాంతము మనకు సమీపముననే కలదు. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన వి. యస్. అజరయ్యగారు 1909లో నిజాము రాజ్యములోని డోర్నకలునకు వచ్చిరి. తమిళులై యుండియు తెలుఁగు నేర్చి, ఊరు దూరముగా నుంచిన మాలమాదిగల గూడెములలో మెలఁగిరి. వారి భార్య అన్బుగారును అచ్చటి స్త్రీల నడుమ పనిచేసిరి. 1910లో ఎడింబరో మహాసభలో, తెల్లదొరల యెదుటనే, వారి త్యాగమును కొనియాడుచునే, మాకు స్నేహితులు కావలెనని అజరయ్యగారు నిర్భయముగా చెప్పిరి. ఆ మాట కొందఱికి రుచింపలేదు. 1912లో ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పయ్యును వారు డోర్నకలును విడువక, 1945 జనవరి 1వ తేదీన అచ్చటనే కన్ను మూసిరి.

ఆ స్నేహితులను మాట నన్ను గ్రుచ్చినది. మా వాకిలి యూడ్చు ముసలమ్మకు ప్రతిదినము గడపలో నిలుచుండియే మజ్జిగ పోయుచు, పుణ్యము చేయుచున్నానని మురియుచుంటిని. ఒకనాఁడు పీట వేసి కూర్చుండుమంటిని. ఆమె చాలసేపు నిలుచుండియే, “మజ్జిగ శానామంది పోసిన్రమ్మా, కూసోమన్నోళ్లే లేరు” అన్నది. అప్పుడు పేరడిగితిని. ఏడేండ్లుగా మా యింటికి వచ్చుచున్న మనిషి పేరు నాకప్పటివఱకు తెలియదు! నేను కూడఁబెట్టితి ననుకొన్న పుణ్యమంతయు ఆ క్షణముననే కరఁగిపోయినది.

ఇత్తడి చెంబు తోమినకొలఁది మెఱయును, సేవయు నంతియే. తోమవలసినది మన మనస్సునకు పట్టిన “నేనిచ్చితిని” అను చిలుమును. ఈ మాసమున మన వాకిటికి వచ్చువారిలో నొక్కరికైనను పీట వేసి, పేరడిగి, కుశలము విచారింతము. మజ్జిగ పిదప పోయవచ్చును.