ముడతకూ మడతకూ నడుమ ఒక దినం జీతం

దుబాయిల హోటల్ లాండ్రీ పనిచేసే మా రూమోళ్లం ఆరుగురం కలిసి రాస్తున్నం. జర ఓపికతోని చదవండి.

పోయిన నెల మా రూము తమ్మునికి ఒక దినం జీతం కోసిండ్రు. గెస్టు ప్యాంటు చీటీ మీద 'నో క్రీజ్' అని ఉన్నది. క్రీజ్ అంటే ముడత అనుకున్నడు పిలగాడు. ఒక్క ముడత లేకుండ, ముందర కత్తి లెక్క గీత వచ్చేటట్టు ఇస్త్రీ కొట్టిండు. గెస్టు వద్దన్నదే ఆ గీతను! అంతకుముందు వారం పక్క టేబుల్ చైనా ఆయన కూడ ఇదే తప్పు చేసిండు. ఆయనకూ కోతే.

తెలివి లేక చేసిండ్రా? కాదు. ఆ మాటల్నే తిరకాసు ఉన్నది. షర్టు నలిగి గీత పడితే క్రీజే. ప్యాంటుకు కావాలని పెట్టేదీ క్రీజే. క్రికెట్ల బ్యాటు పట్టుకొని నిలబడే గీత కూడ క్రీజే. అంటే క్రీజ్ అన్నది గీత. కావాల్నా వద్దా అన్నది చీటీ చెప్తది.

రింకిల్ అట్ల కాదు. బట్ట మీదైనా మొఖం మీదైనా మామూలుగా వద్దనుకునేదే. అచ్చం మన ముడత. చైనా ఆయన భాషల కూడ బట్టకూ మొఖానికీ ఒక్కటే మాటనట. ఫోల్డ్ అంటే మడత. ప్లీట్ అంటే కుచ్చు, చీర కుచ్చిళ్లు యాది చేసుకోండి. క్రంపుల్ అంటే ఉండ చుట్టినట్టు నలుపుడు.

కంటి కొసల ముడతలను ఇంగ్లీషోళ్లు కాకి కాళ్లు అంటరు, చైనోళ్లు చేపతోక గీతలు అంటరు. ఎవరి చూపు వాళ్లది. ఇందుల తెలివి తక్కువోళ్లు ఎవరు? మన ముడతకూ మడతకూ ఒక్క కొమ్మే తేడా. అది పట్టుకున్నోళ్లకు ఇది రాదా?

మా మాట ఏందంటే, పనిల పెట్టుకున్నోళ్లు మిషిన్ వేడి నేర్పుతరు, స్టీమ్ నేర్పుతరు, చీటీ మీది మాటలు మాత్రం నేర్పరు. నేర్పకుండ కోసుడు న్యాయం కాదు. ఒక ప్యాంటు, ఒక కుచ్చుల గౌను చేతికిచ్చి అరగంట చూపెడితే అయిపోతది.

వాళ్లు నేర్పేదాక మనమే ఒకరికొకరం నేర్పుకోవాలె. తెలియని మాట కనబడితే ఇస్త్రీపెట్టె ముట్టకముందే అడగండి. అడిగితే నామోషీ ఒక్క నిమిషమే, కోత పడితే దినమంత చెమట పోతది.

తమ్ముని పైసలు మళ్ల రాలే. ఇంకొకరివి పోవద్దని రాసినం.