పౌర రాయబారానికి దారివ్వండి

పహల్గాం ఉగ్రదాడి, ఆపై సైనిక ఘర్షణ. వీసాలు రద్దయ్యాయి, అట్టారీ గేటు మూతపడింది, సింధు జలాల ఒప్పందం పక్కకు పోయింది. ఇంత జరిగాక కూడా 2025 జులై 1న భారత్, పాకిస్థాన్ తమ జైళ్లలోని అవతలి దేశస్థుల జాబితాలను యథావిధిగా ఇచ్చిపుచ్చుకున్నాయి. అప్పటికి అక్కడ ఉన్న మన జాలర్లు 193 మంది, ఇక్కడ ఉన్న వారి జాలర్లు 81 మంది. 2008 నాటి కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా రెండుసార్లు ఈ తంతు జరుగుతుంది. అదే ఒప్పందంలో ఇంకో మాట కూడా ఉంది: శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో తేలిన నెలలోగా ఖైదీని ఇంటికి పంపాలి. జాబితాలు గడువుకు అందుతున్నాయి. మనుషులే గడువుకు రావడం లేదు.

ఆ లోటు పూడ్చడానికి దశాబ్దాలుగా తిప్పలు పడుతున్నది మామూలు పౌరులు. 1994లో మొదలైన పాక్-ఇండియా ప్రజావేదిక, కరాచీలోని మత్స్యకారుల సంఘాలు, రెండు వైపులా కొందరు న్యాయవాదులు, విలేకరులు పట్టుబడినవారి కోసం అర్జీలు పెట్టారు, కోర్టులకెక్కారు. విడుదలైన మన జాలర్లను కరాచీ నుంచి లాహోర్ చేర్చే ఖర్చు పాకిస్థాన్‌లోని సేవాసంస్థ ఈధీ ఫౌండేషన్ ఎన్నోసార్లు భరించింది. ఇది విదేశాంగ శాఖలు ఒంటరిగా చేయగలిగిన పని కాదు.

దీని విలువ శ్రీకాకుళం తీరానికి తెలుసు. జిల్లాలో ఫిషింగ్ హార్బర్ లేక మన వేటగాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి అక్కడి బోట్లలో కూలికి పనిచేస్తారు. భారత్, పాకిస్థాన్ మధ్య సర్ క్రీక్ దగ్గర సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. నీళ్ల మీద గీత ఉండదు, చేప ఎటుపోతే బోటు అటు పోతుంది. 2018 నవంబర్‌లో పట్టుబడిన ఉత్తరాంధ్ర జాలర్లు కరాచీ జైలులో ఏడాదికి పైగా మగ్గారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటారు. ఈ ఉదంతం ఆధారంగా వచ్చిన ‘తండేల్’ సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరికి ఇంకా జైళ్లలో ఉన్నవారు గుర్తున్నారో!

సరిహద్దుకు అటూ ఇటూ స్నేహం మాట ఎత్తితే ‘కొవ్వొత్తుల బ్యాచ్’ అని వెక్కిరించడం మనకు అలవాటైంది. అడ్మిరల్ రాందాస్ ఆ బ్యాచే. 1971 యుద్ధంలో పోరాడి, నౌకాదళాధిపతిగా చేసి, పదవీ విరమణ తర్వాత శాంతి ఉద్యమంలోకి దిగినవారాయన. లాహోర్ పాత్రికేయుడు ఐ.ఎ.రెహమాన్‌తో కలిసి 2004లో మెగసెసె పురస్కారం అందుకున్నారు. 2024లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆయన దేశభక్తిని శంకించగల అర్హత టీవీ చర్చల్లో గొంతు చించుకునేవారికి ఉందా?

పౌరులు ఉగ్రవాదాన్ని ఆపలేరు. అది ప్రభుత్వాల బాధ్యత, అందులో మెతకదనం చెల్లదు. కానీ ప్రభుత్వాలు ఒకదాన్నొకటి నమ్మని చోట పౌరుల మాట చెల్లుతుంది. మొజాంబిక్ అంతర్యుద్ధాన్ని 1992 అక్టోబర్ 4న రోమ్‌లో ముగింపుకు తెచ్చిన మధ్యవర్తుల్లో ముఖ్యులు సాంట్ ఎజీడియో సంఘం వారు. 1968లో విద్యార్థులు మొదలుపెట్టిన సంఘమది. వారి దగ్గర సైన్యం లేదు, ఆంక్షలు విధించే అధికారం లేదు. ఏళ్ల తరబడి ఆ దేశానికి తిండి, మందులు చేరవేసి సంపాదించుకున్న నమ్మకం ఉంది. ఇటలీ ప్రభుత్వం వారికి అడ్డుపడకపోగా అండగా నిలిచింది. మన దగ్గర లోపించింది సరిగ్గా ఇదే.

ఒక్క ఉదాహరణ చాలు. ఇరు దేశాల నుంచి నలుగురేసి విశ్రాంత న్యాయమూర్తులతో ఖైదీల సంయుక్త కమిటీ ఉండేది. జైళ్లకు వెళ్లి ఖైదీలతో స్వయంగా మాట్లాడి, ఎవరిని వదలాలో సిఫారసు చేసేది. 2013 తర్వాత అది సమావేశం కాలేదు. పునరుద్ధరిస్తామని 2018లో రెండు దేశాలూ చెప్పాయి. ఆ మాట ముందుకు సాగలేదు.

ఆ కమిటీని వెంటనే నిద్రలేపాలి. మానవతా పనుల మీద వెళ్లే న్యాయవాదులకు, వైద్యులకు, మత్స్యకార ప్రతినిధులకు వీసాల రద్దు నుంచి మినహాయింపు ఇవ్వాలి. దారితప్పిన బోటును పట్టుకుని జప్తు చేయడం మాని వెనక్కి మళ్లించే పద్ధతిపై రెండు తీరరక్షక దళాలూ ఒక మాటకు రావాలి. ఆంధ్రప్రదేశ్ ఎంపీలు పార్టీలకతీతంగా పార్లమెంటులో ఈ ప్రశ్న లేవనెత్తాలి. శిక్ష ముగిసిన మనిషిని నెలలోగా పంపిస్తామని సంతకం చేసింది రెండు ప్రభుత్వాలే. ముందు ఆ మాట నిలబెట్టుకోవాలి.