ఖాళీగా ఉండి అల్లినవి కావండీ



పోయిన వారం మా మనవరాలి కోసం నేను అల్లిన ఊలు సాక్సుల ఫోటో గ్రూపులో పెట్టాను. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, సంతోషం. ఇద్దరు ముగ్గురు మాత్రం "బావగారికి రిటైరయ్యాక మంచి టైంపాస్ దొరికింది" అని రాశారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి "ఆడవాళ్ళ పని మీకెందుకు సార్, బజారుకెళ్తే యాభై రూపాయలకు జత ఇస్తాడు" అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ముప్పై ఏళ్ళు నేనూ ఇదే మాట అన్నవాణ్ణి. అందుకే ఈ పెద్ద పోస్టు. ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి. నాది తమిళ మీడియం చదువు, తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

చంద్రపూర్ ఎండల్లో ఊలు సాక్సులేమిటని ముందు నవ్వేది మన బంధువులే. నిజమే, మే నెలలో మన దగ్గర గోడ ముట్టుకుంటే కాలుతుంది. కానీ డిసెంబరు, జనవరి రాత్రులు ఈ అడవి పక్క ఊళ్ళలో ఎలా ఉంటాయో కోఠారిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను గూడ్స్ ఆఫీసు గుమాస్తాను. నైట్ డ్యూటీలో వ్యాగన్ల నంబర్లు రాసుకుంటూ లైను వెంట నడిస్తే తెల్లవారుజామున కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఆ కాళ్ళకు మా ఆవిడ అల్లిన ముదురు నీలం సాక్సులు ఉండేవి. మొదటి జత మడమ దగ్గర చిరిగితే అదే రంగు దారంతో రఫూ చేసింది. మళ్ళీ చిరిగింది, మళ్ళీ చేసింది. చివరికి రెండో జత వచ్చింది. సర్వీసు అయ్యేదాకా ఎన్ని జతలు వేసుకున్నానో నాకు లెక్క లేదు. వ్యాగన్ల లెక్క మాత్రం తప్పకుండా రాసుకున్నాను.

ఆవిడకు ఈ పని నేర్పింది రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ పంజాబీ ఆవిడ. అందుకే మా ఇంట్లో అల్లిక భాష తెలుగు కాదు. కుట్టు ఎక్కించడం అంటే "ఫందా వెయ్యడం", కుట్లు రెండు రకాలు, "సీధా", "ఉల్టా". సాక్సుని మా చిన్నప్పటి స్కూల్లో కాలురై అనేవాళ్ళం, ఇక్కడివాళ్ళు మోజే అంటారు, మన పెద్దవాళ్ళు మేజోళ్ళు అనేవారు. ఏ పేరు పెట్టినా కాలికి పట్టేట్టు అల్లడం ఒకటే కష్టం.

ఆవిడ ఎప్పుడు అల్లేది? పొద్దున నాలుగున్నరకు లేచి, నాకు డబ్బా కట్టి, ముగ్గురు పిల్లల్ని స్కూలుకు పంపి, నీళ్ళు పట్టి, బట్టలు ఉతికి, రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు తోమాక కూర్చునేది. సెలవుల్లో మా అమ్మగారి ఊరికి జీ.టీ. ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తుంటే ఒళ్ళో పిల్ల నిద్రపోతున్నా చేతుల్లో సూదులు ఆడుతూనే ఉండేవి. నేను ఎదురు బెర్త్ మీద పేపరు చదువుకుంటూ "నీకేం, ఖాళీ, అల్లుకుంటూ కూర్చుంటావు" అనేవాణ్ణి. ఆవిడ ఏమీ అనేది కాదు. కుట్లు లెక్కపెట్టుకునేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదు, లెక్క తప్పుతుంది. అది నాకు తరువాత తెలిసింది.

అయిదేళ్ళ కింద ఆవిడ వేళ్ళ కణుపులు వాచిపోయాయి. డాక్టరుగారు సూదులు పక్కన పెట్టమన్నారు. అప్పటికి మా చిన్నమ్మాయి కోసం మొదలుపెట్టిన సాక్సు ఒకటి సగంలో ఉంది. ఒకటి పూర్తయింది, రెండోది మడమ దగ్గర నాలుగు సూదులతో అలాగే ఆగిపోయింది. దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి అలమారలో పైన దాచింది. దీపావళికి ఇల్లు దులుపుతుంటే నా చేతికి దొరికింది. "ఎవరి చేతనైనా పూర్తి చేయిద్దామా?" అన్నాను. "ఎవరున్నారు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. "నువ్వు చెప్పు, నేను అల్లుతా" అన్నాను. నవ్వింది. కానీ పక్కన కూర్చుంది.

అప్పుడు తెలిసిందండీ సంగతి. సాక్సు గుండ్రంగా నడుస్తుంది. మూడు సూదుల మీద కుట్లు ఉంటే నాలుగో సూదితో అల్లుతూ పోవాలి. పిక్క దగ్గర ఒక సీధా ఒక ఉల్టా వేస్తేనే అది సాగుతుంది, జారదు. మడమ వచ్చేసరికి గుండ్రం ఆపాలి. సగం కుట్ల మీదే అటూ ఇటూ అల్లి చిన్న పలక తయారు చేయాలి. తరువాత మధ్య కుట్ల మీదే వెనక్కీ ముందుకీ తిరుగుతూ రెండేసి కుట్లు కలుపుకుంటూ వస్తే ఆ పలక గిన్నెలా ఒంగుతుంది. అదే మడమ. అక్కడి నుంచి పలక రెండు అంచులకూ కుట్లు ఎత్తుకుని మళ్ళీ గుండ్రం. వినడానికి నాలుగు వాక్యాలు. నేను ఆ మడమ ఒక్కదాన్ని ఆరుసార్లు విప్పాను. డెమరేజ్ లెక్కలు కంటిచూపుతో వేసినవాణ్ణి, ఇరవై నాలుగు కుట్లు లెక్కపెట్టలేకపోయాను.

గుమాస్తా బుద్ధి పోదు కదా, లెక్క వేశాను. మందపాటి ఊలుతో పెద్దవాళ్ళ సాక్సుకు వరసకు 48 కుట్లు, మొత్తం సుమారు 110 వరసలు. అంటే ఒక కాలికి 5,280 కుట్లు, జతకు 10,560. మడమ పని అదనం. సన్న దారమైతే దీనికి దాదాపు రెట్టింపు. నా వేగానికి జత పూర్తవడానికి నెల పట్టింది. ఆవిడ ఇంటి చాకిరీ అంతా చేసి పదిహేను రోజుల్లో తీసేది. ఖాళీగా ఉన్న మనిషి చేసే పనా ఇది?

ఈ "ఖాళీ" అన్న మాట చిన్నది కాదు. మన నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళ సంగతి చాలామందికి తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న క్రోషే పని గోదావరి జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ పాకింది. ఆ లేసు విదేశాలకు వెళ్ళింది, వ్యాపారులు బాగుపడ్డారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడికి వచ్చి చూసి 1982లో ఆ లేసు పనివాళ్ళ మీద పుస్తకం తెచ్చారు. ఆవిడ పట్టుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. రోజంతా కష్టపడి లేసు అల్లుతున్న ఆడవాళ్ళను పనివాళ్ళుగా ఎవరూ లెక్కవేయలేదు, ఇంట్లో కూర్చుని తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారు. తీరిక వేళ పని అన్నాక కూలి ఎంత తక్కువ ఇచ్చినా అడిగేవారుండరు. నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, మంచిదే. లేసుకు గుర్తింపు వచ్చినట్టు అల్లిన వేళ్ళకూ రావాలి.

బజారులో పరిస్థితి అదైతే ఇంట్లో మనం చేసేదీ అదే. ఇక్కడ కూలి అడిగేవాళ్ళు లేరు, అడగాలని కూడా కాదు. ప్రేమతో చేసింది కదా అంటాం. ప్రేమతో చేస్తే పని కాకుండా పోతుందా?

ఇక "ఆడవాళ్ళ పని" అన్నారే, దానికీ ఒక మాట. దక్షిణ అమెరికాలో పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్య తకీలే అనే దీవి ఉంది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్ళే, మగపిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఆ దీవి నేత, అల్లిక కళలను 2005లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వంగా ప్రకటించింది. సాక్సు చిన్న వస్తువనుకునేవాళ్ళకు ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో తడి కందకాల్లో రోజుల తరబడి నిలబడి సైనికుల పాదాలు కుళ్ళిపోయేవి. పొడి సాక్సులు మార్చుకోవడం ప్రాణావసరం అయింది. ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని వాళ్ళ కోసం సాక్సులు అల్లాయి. వేళ్ళ దగ్గర ఒత్తుకోకుండా మూసే కుట్టుకు ఇప్పటికీ కిచెనర్ పేరే ఉంది. అంతకుముందు మన దేశంలో సైన్యాధిపతిగా పనిచేసిన కిచెనరే ఆయన.

ఇంత చెప్పి అల్లేవాళ్ళను మాత్రమే మెచ్చుకుంటే ఒకవైపు మాటే అవుతుంది. మా ఇంటి తప్పులూ చెప్తాను. మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు అలమారలో వాళ్ళమ్మ అల్లిన మూడు జతలు ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి ఉన్నాయి. "అమ్మ చేతివి నాన్నా, పాడైపోతాయని దాచాను" అంది. మా ఆవిడ ఆ పూట మాట్లాడలేదు. రైలెక్కాక "కాలికి వేసుకోవడానికి కదా అల్లింది" అంది, అంతే. ఇంకోసారి తప్పు మాదే. అల్లుడుగారి కాలు కొలత అడగకుండా, ఆశ్చర్యపరుద్దామని నా కాలికి సరిపెట్టి అల్లాం. ఆయన పాదం నాకంటే రెండు సైజులు పెద్దది. పాపం, మర్యాదకు ఒక సాయంత్రం వేసుకుని తిరిగారు. బొటనవేలు ఎర్రబడింది.

ఊలు విషయంలోనూ మనం తెలుసుకోవాలి. మన దగ్గర దుకాణాల్లో ఊలు అని ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం అక్రిలిక్. ఉతకడానికి సులువు, ధర తక్కువ, కానీ చెమట పీల్చదు. అసలు గొర్రె ఊలు తడి పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది, అయితే కొందరికి దురద పెడుతుంది, వేడినీళ్ళలో ఉతికితే ముడుచుకుపోతుంది. ఊలులో కొంచెం నైలాన్ కలిసిన దారమైతే మడమ ఎక్కువ కాలం నిలుస్తుంది. నడక నేర్చుకునే పిల్లలు ఊలు సాక్సులతో టైల్స్ మీద జారిపోతారు, పడుకునేటప్పుడే వేయాలి.

బజారు సాక్సు చెడ్డదని నేను అనను. రోజూ బూట్లలోకి నేనూ అవే వేసుకుంటాను. ధరతో పోటీ పెడితే చేతి అల్లిక ఎప్పుడూ ఓడిపోతుంది, దారం ఖర్చే ఎక్కువ. చేత్తో అల్లిన జత చెప్పేది వేరే. నీ కాలు ఎంతుందో, నీకు ఎక్కడ చలేస్తుందో నేను ఒక నెల రోజులు ఆలోచించాను అని చెప్తుంది.

అందుకని మన సభ్యులకు నా సలహాలు నాలుగే. ఇంట్లో ఎవరైనా మీ కోసం అల్లుతున్నా, కుడుతున్నా "ఖాళీ" అనే మాట, "టైంపాస్" అనే మాట మానేయండి. అల్లేవాళ్ళు ముందుగా కొలత, రంగు, అవసరం అడగండి, అడిగితే ప్రేమ తగ్గదు. పుచ్చుకున్నవాళ్ళు దాచకండి, వేసుకోండి, చిరిగితే రఫూకి తిరిగి పంపండి. చిరిగిన సాక్సు వెనక్కి వస్తే అల్లినవాళ్ళకు దిగులుండదు, వేసుకున్నారని తెలుస్తుంది. నాలుగోది నాలాంటి రిటైరైన మగవాళ్ళకు. మీ ఇంట్లో అమ్మకో, భార్యకో, అక్కయ్యకో తెలిసిన చేతిపని ఏదైనా ఉంటే ఆ చేతులు ఆడుతుండగానే పక్కన కూర్చుని నేర్చుకోండి. నేను ఆలస్యం చేశాను. ఆవిడ చూపించాల్సిన చోట చూపించలేక, నోటితో చెప్పాల్సి వచ్చింది.

ఆ సగంలో ఆగిన సాక్సు పూర్తయింది. పక్కపక్కన పెడితే ఏది ఎవరు అల్లిందో ఎవరైనా చెప్పేస్తారు, నాది కొంచెం వదులు. మా చిన్నమ్మాయి రెండూ వేసుకుని ఫోటో పంపింది. మా ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని నేను అల్లిన మడమే ఎక్కువసేపు చూసింది. "ఒక ఫందా తప్పింది ఇక్కడ" అంది.

నిజమే, తప్పింది. తరువాతి జతలో సరిచేశాను. మీరు పోయిన వారం ఫోటోలో చూసింది అదే.

మీ అభిప్రాయాలు రాయండి. అల్లిక నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం కోఠారిలో మా ఇంటికి రావచ్చు. సూదులు మా దగ్గర ఉన్నాయి. టీ నేను పెడతాను, నేర్పేది ఆవిడే.